ఓక్ పుప్పొడికి చైనా సూదులు: నాలుగు సీజన్ల లెక్క

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళు నాకు ఎలర్జీ అంటే ఏంటో తెలీదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చిన మూడో వసంతంలో మొదలైంది. ఏప్రిల్ చివర్లో తెల్లారి లేచి చూస్తే కారు మీద పసుపు చల్లినట్టు ఓక్ చెట్ల పుప్పొడి. ఆ రోజు నుంచి తుమ్ములు, కళ్ళ దురద, రాత్రి నోటితో ఊపిరి. సెట్రిజిన్ వేసుకుంటే తగ్గేది కానీ మధ్యాహ్నం మీటింగుల్లో కళ్ళు మూతలు పడేవి. 2021లో మార్చి నుంచి జూన్ దాకా 90 మాత్రల డబ్బా ఒకటి ఖాళీ చేశాను. ఆ లెక్క చూసి ఆఫీసులో ఒక చైనీస్ కొలీగ్, మా ఊళ్ళోనే ఉన్న ఆక్యుపంక్చర్ క్లినిక్ చెప్పాడు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అమ్మ ఫోన్లో, "ఒరే, అంత దూరం పోయి ఒళ్ళంతా సూదులు గుచ్చించుకుంటావా?" అంది. నాన్న మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. ఆయనకి వైద్యం కన్నా డాక్టర్ కోట్నీస్ మీద అభిమానం ఎక్కువ. 1938లో జపాన్‌తో యుద్ధంలో గాయపడ్డ చైనా వాళ్ళకి వైద్యం చేయడానికి కోట్నీస్‌తో పాటు వెళ్ళిన ఐదుగురు మన డాక్టర్లలో ఒకరైన బసు, తర్వాత ఆక్యుపంక్చర్‌ని మన దేశానికి తెచ్చారని నాన్న చెబితేనే నాకు తెలిసింది.

2022 ఏప్రిల్ చివర్లో మొదటిసారి వెళ్ళాను. అరవై దాటిన చైనీస్ ఆవిడ, లైసెన్స్ గోడకి తగిలించి ఉంది. నాలుక చూపించమంది. రెండు చేతుల మణికట్టుల మీదా మూడేసి వేళ్ళు పెట్టి చాలాసేపు నాడి చూసింది. తర్వాత మొదటి ప్రశ్న, "ఐస్ నీళ్ళు తాగుతావా?" మా నాయనమ్మ సముద్రం దాటి వచ్చినట్టు అనిపించింది.

సూదుల గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. ఇంజెక్షన్ సూది ఊహించుకోకండి. ఇది పావు మిల్లీమీటరు మందం, లోపల గొట్టం ఉండదు, ఒకసారి వాడి పారేస్తారు. చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత లోపల బరువుగా లాగినట్టు ఉంటుంది. దాన్ని 'ద చీ' అంటారు, అది రావాలని ఆవిడ పట్టుదల. నాకు రెండు ముక్కుపుటాల పక్కన, కనుబొమల మధ్య, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండలో, మోకాలి కింద, మెడ వెనక పెట్టేది. ముక్కు పక్కన ఉన్న చోటికి చైనీస్‌లో యింగ్‌షియాంగ్ అని పేరు, సువాసనకి స్వాగతం అని అర్థమట. అక్కడ సూది పెట్టిన పది నిమిషాల్లో మూసుకుపోయిన ముక్కు ఒక పక్క తెరుచుకోవడం నాకు దాదాపు ప్రతిసారీ జరిగింది. ఆ సాయంత్రం దాకా ఉండేది, మర్నాటికి మామూలే. ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు: ముఖం నిండా సూదులతో అరగంట పడుకున్నప్పుడు తుమ్ము వస్తే ఏం చేయాలో. నేను రెండుసార్లు తుమ్మాను. ఒక సూది ఊడి దిండు మీద పడింది, అంతకు మించి ఏమీ కాలేదు.

ఈ చైనా వైద్యుల లెక్కలో ఒక్కో కాలానికి ఒక్కో అవయవం. వసంతం కాలేయానిది, వేసవి గుండెది, వేసవి చివరి రోజులు ప్లీహానివి, శరత్తు ఊపిరితిత్తులది, చలికాలం మూత్రపిండాలది. కాలేయం అంటే బ్లడ్ టెస్టులో కనిపించే కాలేయం కాదని ఆవిడే చెప్పింది. మన ఋతుచర్య విన్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నాకు ఈ సిద్ధాంతం మీద నమ్మకం కుదరలేదు గానీ, అందులోంచి వచ్చిన ఒక్క సలహా మాత్రం పనికొచ్చింది: జబ్బు సీజన్ వచ్చాక కాదు, దానికి ముందే మొదలుపెట్టు.

మొదటి ఏడు ఆలస్యంగా వెళ్ళాను కాబట్టి మాత్రలు 62 పట్టాయి. 2023లో మార్చి మొదటి వారం నుంచి వారానికొకటి చొప్పున ఎనిమిది సార్లు వెళ్ళాను. ఆ సీజన్‌లో 34. 2024లో 27, కానీ ఆ ఏడు డాక్టర్ ముక్కులో కొట్టుకునే ఫ్లూటికాసోన్ స్ప్రే కూడా ఇచ్చారు, అందుకని ఆ తగ్గుదల మొత్తం సూదుల ఖాతాలో వేయలేను. 2025 మార్చిలో ఇండియాలో ఉన్నాను, తిరిగొచ్చి ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టాను, స్ప్రే ఉన్నా 48 అయ్యాయి. ఒక్క మనిషి లెక్క ఇది, ఋజువు అనను. 2013లో జర్మనీ నుంచి వచ్చిన 422 మంది అధ్యయనం చదివాను. 8 వారాల్లో 12 సార్లు సూదులు పెడితే ఉత్తుత్తి సూదుల కన్నా కొంచెం మెరుగు, మాత్రలు కూడా తక్కువ. తేడా చిన్నదే, 16వ వారానికి అదీ కనబడలేదు. నా అనుభవం కూడా ఇంచుమించు అంతే.

అనవసరంగా పెట్టిన డబ్బుల సంగతికొస్తే, మొదటిది మూలికల పొడి. యు పింగ్ ఫెంగ్ సాన్ అని మూడు మూలికలది, ఆస్ట్రగలస్ వేరు అందులో ముఖ్యం. 2023 జనవరి నుంచి మూడు నెలలు మట్టి రుచిని భరించాను. తేడా ఏమీ తెలియలేదు. నాకు బీపీ ఉంది కాబట్టి ముందే సీసా మీది పదార్థాలు ఫోటో తీసి మా డాక్టర్‌కి పంపాను. బీపీ పెంచే ఎఫెడ్రా అనే మూలిక ఉన్న సప్లిమెంట్లని అమెరికాలో 2004లోనే నిషేధించారు, అయినా చూసుకోవడం మంచిది.

రెండోది శాన్‌ఫు పట్టీలు. 'చలికాలపు జబ్బుకి ఎండాకాలంలో వైద్యం' అని వాళ్ళ సామెత. జులై మధ్య నుంచి ఆగస్టు దాకా, మంచి ఎండల్లో మూడు విడతలుగా వీపు మీద మందు పట్టీలు వేస్తారు. అందులో ఉండేది ముఖ్యంగా తెల్ల ఆవాల పొడి, అల్లం రసం. వీపు మీద ఆవకాయ కలుపుతున్నారా అని నవ్వుకున్నాను. రెండు గంటలకి తీసేయాలట, ఆ మాట నాతో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఎక్కువసేపు ఉంటే ఎక్కువ మేలనుకుని ఆరు గంటలు ఉంచాను. బొబ్బలెక్కాయి, మచ్చలు సంక్రాంతి దాకా పోలేదు. ఆగస్టు చివర్లో రాగ్‌వీడ్ సీజన్ కూడా యథాప్రకారం వచ్చింది. రాగ్‌వీడ్ అంటే తెలియనివాళ్ళకి, మన వయ్యారిభామకి చుట్టమే, రెండూ పొద్దుతిరుగుడు కుటుంబానివి.

మోక్సా ఒకసారి చేయించుకుని మానేశాను. ఎండిన ఆకుని చుట్టలా చుట్టి, అంటించి చర్మం దగ్గర వెచ్చగా పెడతారు. ఆ ఆకు వినాయక చవితి పత్రిలో మనం పెట్టే మాచిపత్రి జాతిదేనని తెలిసి ముచ్చటేసింది. ముచ్చట పొగకి ఆగలేదు, ముక్కు ఇంకా మూసుకుపోయింది.

ఇంట్లో నిలిచింది మాత్రం పియర్ పండు. అక్టోబర్‌లో పొడిదగ్గు వస్తే ఆ క్లినిక్ ఆవిడ పియర్‌లో పటికబెల్లం వేసి ఆవిరి మీద ఉడికించమంది. మందో కాదో గానీ పిల్లలు దగ్గు లేకపోయినా అడుగుతున్నారు.

ఖర్చు తక్కువేం కాదు. మొదటిసారి 110 డాలర్లు, తర్వాత 80 చొప్పున, ఎనిమిదింటికి 670. ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్లో కవర్ అవుతుందన్నారు. బిల్లు పంపాక నొప్పులకే గానీ ఎలర్జీకి కాదన్నారు. ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్న పెద్దవాళ్ళకైతే 2020 నుంచి దీర్ఘకాలపు నడుంనొప్పికి మాత్రమే ఇస్తున్నారు.

ఈ మార్చి మొదటి శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. సూదులు మాత్రమే, పొడి లేదు, పట్టీలు లేవు. స్ప్రే మానట్లేదు. ఫోన్ చేస్తే ఆవిడ టైము చెప్పకముందే ఐస్ నీళ్ళు మానేశావా అని అడిగింది. మానేశానని అబద్ధం చెప్పాను.