చందానగర్‌లో ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలతో

2018 జూన్‌లో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చేశాం. అప్పటికి పాపకి మూడేళ్ళు, బుడ్డోడికి ఆరు నెలలు. నా ఆఫీసు గచ్చిబౌలి దగ్గర ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మా ఆవిడది బేగంపేట. ఈ రెండిటికీ మధ్యలో ఇల్లు చూద్దామని మ్యాప్ తీస్తే వేలు పోయి జూబ్లీహిల్స్ మీద పడింది, నవ్వుకుని మ్యాప్ మూసేశాం.

ఆఫీసులో అందరూ నల్లగండ్ల, తెల్లాపూర్ చూడమన్నారు. కొత్త అపార్ట్‌మెంట్లు, క్లబ్‌హౌస్, పిల్లలకి ఉయ్యాలలు, నాకైతే అరగంటలో ఆఫీసు. నేను దాదాపు అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ణే, మా ఆవిడ ఒక్కటే అడిగింది, "మీరు అరగంటలో వెళ్ళిపోతారు సరేనండి, పిల్లాడికి జ్వరమొచ్చి ఫోన్ చేస్తే బేగంపేట నుంచి నేనెలా రావాలి?" అని. దానికి నా దగ్గర సమాధానం లేదు. అలా చందానగర్‌లో పాత అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం, అప్పట్లో పద్నాలుగు వేలు, ఇప్పుడు ఇరవై మూడు, మెయింటెనెన్స్ వేరే.

ముందు ఎమ్ఎమ్‌టీఎస్ గురించి చెప్పాలి, ఎందుకంటే మేం ఇక్కడున్నదే దాని కోసం. 2003లో మొదలైన లోకల్ రైళ్ళు ఇవి, లింగంపల్లిలో బయల్దేరి చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ మీదుగా బేగంపేట పోతాయి, అక్కడి నుంచి కొన్ని సికింద్రాబాద్ వైపు, కొన్ని నాంపల్లి వైపు. మా ఇంటి నుంచి స్టేషన్ పన్నెండు నిమిషాల నడక, ఎక్కితే బేగంపేట నలభై నిమిషాలు అటూఇటూ. నెల పాస్ ఖర్చు నేను కారుకి వారంలో కొట్టించే పెట్రోల్ అంత కూడా ఉండదు. కాకపోతే సిటీ బస్సులాగా వరసగా వస్తాయనుకోకండి, ఒకటి తప్పితే తర్వాతదానికి చాలాసేపు నిలబడాలి, మధ్యాహ్నం అయితే మరీనూ, ఆదివారాలు కొన్ని అసలు ఉండవు. మా ఆవిడకి టైమింగ్స్ నోటికొచ్చేశాయి, పొద్దున్న కుక్కర్ విజిల్స్ కూడా రైలు టైమ్ చూసుకునే పెడతది.

రైలు లేనప్పుడు మియాపూర్ మెట్రో. అది ఇక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లు, షేర్ ఆటోలో పోయి ఎక్కితే అమీర్‌పేటలో మారి బేగంపేటలో దిగొచ్చు. ఆమెకి బాగానే ఉంది, కానీ ఇక్కడుండి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్దామనుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి, అమీర్‌పేట దాకా పోయి మళ్ళీ ఇటే వెనక్కి రావాలి, పక్కింటికి ఊరంతా తిరిగి వెళ్ళినట్టు. 2025 మేలో చార్జీలు కూడా పెరిగాయి. ఇంకోటి, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి మెట్రో అని ఫేజ్ 2 ప్లాన్‌లో ఉంది, ఫ్లాట్లు చూపించే బ్రోకర్లు "సార్ స్టేషన్ మీ గేటు ముందే" అని దాన్ని ఇప్పుడే అమ్మేస్తుంటారు. పట్టాలు పడ్డాక చూద్దాం గానీ ఆ మాటకి రేటు పెంచి కొనకండి.

ఇక నా సంగతి. నాకు ఇది ఏ రకంగానూ మంచి ఏరియా కాదు, ఒప్పుకుంటాను. గచ్చిబౌలి నుంచి సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా వస్తే లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ దాటాలి, గట్టి వాన పడితే అది చెరువే. 2023 వర్షాకాలంలో ఒకరోజు ఐదున్నరకి బయల్దేరాను, ఏడింటికి ఇంకా యూనివర్సిటీ గోడ పక్కనే ఉన్నా, వైపర్లు కొట్టుకుంటున్నాయి, ముందు బస్సు వెనకాల అక్షరాలు తప్ప ఏమీ కనపడట్లేదు. బుడ్డోడి డేకేర్ ఏడింటికి మూసేస్తారు, డేకేర్ ఆవిడ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది, రెండోసారి గొంతు మారింది కూడా. ఈలోపు ముందు నుంచి ఎవరో వచ్చి "అండర్‌పాస్ మూసేశారు, వెనక్కి తిప్పుకోండి" అని చెప్పుకుంటూ పోతున్నాడు. తిప్పడానికి చోటేది!

ఏడుంబావుకి మా ఆవిడ ఫోన్. "తెచ్చేశానండి. ఒక చెప్పు కాలవలో పోగొట్టుకున్నాడు, ఆ రెండోది వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. మీరు మెల్లగా రండి." రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి మోకాళ్ళ నీళ్ళలో నడిచి తెచ్చింది. నేను ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, వాడు నిద్రపోయాడు, ఆ ఒంటి చెప్పు దిండు పక్కనే ఉంది.

ఆ రోజు నుంచీ ఎవరన్నా "ఆఫీసుకి ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగితే నాకు నవ్వొస్తది. చెడ్డ వాన పడ్డ సాయంత్రం మీ ఇద్దరిలో ఒక్కరన్నా రోడ్డుతో పనిలేకుండా పిల్లల దగ్గరికి రాగలరా, అది చూసుకోండి. ఇద్దరూ అదే రోడ్డు మీద ఇరుక్కునే ఇల్లయితే క్లబ్‌హౌస్ ఏం చేసుకుంటాం.

బాలేనివి కూడా చెప్తాను. ముంబై హైవే ఊరి మధ్యలోంచి పోద్ది, దుమ్ము సంగతి అడక్కండి, బాల్కనీలో బట్టలు ఆరేస్తే తెల్ల యూనిఫామ్ సాయంత్రానికి గోధుమరంగు. ఫుట్‌పాత్ అనేది ఉన్నచోట బండ్లు పెట్టేసి ఉంటాయి, పిల్లల చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటడం నాకు ఏడేళ్ళయినా అలవాటు కాలేదు. పార్కింగ్ ఒక్కటే ఇచ్చారు. దోమలు ఫుల్. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు, ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్, ఆ నెల మెయింటెనెన్స్ చూసి అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవ, ప్రతి ఏప్రిల్‌లో అదే గొడవ, అవే మెసేజ్‌లు, కొత్తగా టైప్ కూడా చెయ్యరు. అద్దెకి చూసేటప్పుడు ఓనర్ని కాదు, వాచ్‌మన్ని అడగండి పోయిన మేలో ఎన్ని ట్యాంకర్లు దింపారని.

స్కూలు పాపకి నడిచెళ్ళే దూరంలోనే దొరికింది. పిల్లల డాక్టరు, మందుల షాపు, టిఫిన్ బండి, టైలర్ అన్నీ రెండు వీధుల్లో. గేటెడ్ కమ్యూనిటీలో ఉండే మా ఫ్రెండ్ కొత్తిమీర కూడా యాప్‌లో తెప్పించుకుంటాడు, వాళ్ళ పిల్లలకి ఆడుకోడానికి ఎకరాల్లో చోటుంది మరి, మావాళ్ళు సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్ ఆడి అద్దాలు పగలగొడతారు. ఆ విషయంలో వాడిదే పైచేయి.

మా వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో సుఖముంది, గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలోనే బయల్దేరుద్ది. సికింద్రాబాద్‌లో ఆ తోపులాట లేకుండా ఖాళీ బోగీ ఎక్కి, పిల్లల్ని పడుకోబెట్టి, సామాన్లు సీటు కింద సర్దుకునేంత టైమ్ ఉంటది. మా అత్తగారు ఒక్కరే వచ్చేస్తారు, చివరి స్టేషన్ కాబట్టి నిద్రలో దాటిపోతానని భయం లేదట. ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని దిగుతారు.

పోయిన నెల ఓనర్ ఇంకో రెండు వేలు పెంచుతానన్నాడు. మా ఫ్రెండేమో తెల్లాపూర్ అవతల కొల్లూరు వచ్చెయ్, ఆ డబ్బులకి ఇంకో బెడ్‌రూమ్ వస్తదన్నాడు. వెళ్ళి చూసొచ్చాం కూడా, పిల్లలకి స్విమ్మింగ్ పూల్ తెగ నచ్చేసింది. తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ ఏం మాట్లాడలేదు, ఫోన్‌లో బేగంపేటకి రూట్ పెట్టి చూసుకుంటూ కూర్చుంది. మర్నాడు ఓనర్‌కి ఫోన్ చేసి వెయ్యికి బేరమాడింది, కిటికీలకి దోమల మెష్ వేయిస్తేనే అని కండిషన్ పెట్టింది. మెష్ ఇంకా రాలేదు.