లియోన్‌లో 87 యూరోల చెమ్మగది, పక్కనే సాన్ మార్కోస్

స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి లియోన్‌కి రైల్లో హాయిగా దిగాం, అక్కడితో హాయి అయిపోయింది. పాత ఊళ్ళో లాడ్జికి ఆన్‌లైన్‌లో 62 యూరోలు కట్టేసి వెళ్తే, కౌంటర్లో ఆయన క్లీనింగ్ ఛార్జీ ఇంకో 25 ఇవ్వమన్నాడు, అదీ క్యాష్‌గానే. బుకింగ్‌లో ఆ మాటెక్కడుందో చూపించమంటే వినిపించుకోలేదు, రసీదు అడిగితే మిషన్ పనిచేయట్లేదట. గది తలుపు తీస్తే మంచం పక్క గోడంతా చెమ్మ, పెచ్చులూడి దిండు మీద రాలుతున్నాయి. మా ఆయన షూ కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు. అంటే పీకలదాకా కోపం ఉందన్నమాట.

ఆ చిరాకుతోనే బెర్నెస్గా నది ఒడ్డున ఉన్న సాన్ మార్కోస్‌కి నడిచాం. ఇప్పుడది పారదోర్, ప్రభుత్వ సంస్థ నడిపే ఫైవ్ స్టార్ హోటల్. గది మనకి అందదు కానీ కాఫీకి ఎవరైనా వెళ్ళొచ్చు, వెళ్ళండి కూడా.

12వ శతాబ్దంలో ఇక్కడ సాంతియాగో పుణ్యక్షేత్రానికి నడిచెళ్ళే క్రైస్తవ యాత్రికుల సత్రం ఉండేది. తర్వాత సాంతియాగో పేరున్న క్రైస్తవ యోధుల సంఘానికి మఠం. ఇప్పుడున్న కట్టడం 16వ శతాబ్దంలో మొదలై, 18వ శతాబ్దంలో గానీ ఓ కొలిక్కి రాలేదు. ముందు గోడ మీద గుండ్రటి చట్రాల్లో వరసగా తలలు చెక్కారు, జూలియస్ సీజర్ నుంచి ఇసబెల్లా రాణి దాకా. చర్చి గోడ మీద మాత్రం ఎక్కడ చూసినా యాత్రికుల గుర్తు, ఆల్చిప్పలే.

స్పానిష్ కవి కెవేదోని 1639లో పట్టుకొచ్చి 1643 దాకా ఇక్కడే బంధించారు. చలికీ చెమ్మకీ ఒళ్ళు గుల్లయి, బయటికొచ్చిన రెండేళ్ళకే పోయాడు. "పాపం, ఆయన దగ్గర క్లీనింగ్ ఛార్జీ తీసుకోలేదేమో" అన్నారు మా ఆయన. హమ్మయ్య, నోరు తెరిచారు.

19వ శతాబ్దంలో ప్రభుత్వం మఠాల ఆస్తులు లాక్కున్నాక ఇది బడి అయింది, పశువైద్య కళాశాల అయింది, సైన్యం బ్యారక్స్ అయింది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలవగానే, ప్రభుత్వం మీద తిరగబడ్డ సైన్యాధికారి ఫ్రాంకో పక్షం దీన్ని ఖైదీల శిబిరం చేసింది. 1940 దాకా వేలమందిని ఈ గదుల్లోనే కుక్కారు, కాల్చి చంపడానికి ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళేవారు. 1960ల్లో హోటల్ చేశారు. ఆ సోఫాల్లో కూర్చునే ముందు ఇది కాస్త చదువుకుని వెళ్ళాలని నా అభిప్రాయం, ముందు గోడ ఫొటోలు తీసుకుని వచ్చేస్తే సగమే చూసినట్టు.

రాత్రి బార్లుండే పేట బార్రియో ఊమెదోలో డ్రింకుతో పాటు తినడానికి చిన్న ప్లేటు ఉచితంగా ఇచ్చారు. అందులో వచ్చే మోర్సియా అంటే రక్తంతో చేసే సాసేజ్, సెసీనా అంటే ఎండబెట్టిన మాంసం, ఎక్కువగా గొడ్డుమాంసం, తినని వాళ్ళు ముందే అడగండి. పక్క టేబుల్ ఆవిడ మా లాడ్జి గోల విని, "ఓహా దె రెక్లమాసియోనెస్" అడగండి అంది. స్పెయిన్‌లో హోటళ్ళ దగ్గర తప్పనిసరిగా ఉండాల్సిన ఫిర్యాదు ఫారం అది. పొద్దున్నే కౌంటర్లో ఆ మాట అన్నానో లేదో, సొరుగులోంచి 25 యూరోలు బయటికొచ్చాయి. 62 మాత్రం పోయినట్టే.