లూపస్‌తో క్రిటికల్ ఇల్‌నెస్ క్లెయిమ్: ఐదేళ్లు కట్టాను, పద్నాలుగు నెలలు పోరాడాను

పెద్ద జబ్బు తేలితే ఒకేసారి మొత్తం ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకున్నది 2016 ఆగస్టులో. క్లెయిమ్ పెట్టింది 2021 సెప్టెంబరులో. డబ్బు ఖాతాలో పడింది 2022 నవంబరులో. పది లక్షల కవరు, ఏడాదికి ఆరు వేల లోపు ప్రీమియం. కంపెనీ పేరు రాయడం లేదు. లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి మన అవయవాల మీదే తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లకి చిక్కు వచ్చే చోటు ఏ కంపెనీలోనైనా ఇంచుమించు ఒకటే, ఆ చోటు గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఉండేది శ్రీకాకుళం టౌన్లో. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టిల్లు కవిటి దగ్గర, అంటే ఇంటింటా కిడ్నీ జబ్బులుండే ఉద్దానం. నాన్న కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఆయన పోయిన ఏడాదే ఈ పాలసీ తీసుకున్నాను. ఫారం నింపుతుంటే కుటుంబంలో ఎవరికైనా పెద్ద జబ్బులున్నాయా అనే ప్రశ్న వచ్చింది. "అవన్నీ రాస్తే మెడికల్స్ పెడతారమ్మా, లేటవుతుంది, వదిలెయ్" అన్నారు ఏజెంటుగారు. ఆయన చెడ్డవారు కాదు, పని తొందరగా అవ్వాలని అన్నారంతే. నాకు మాత్రం నాన్న జబ్బు దాచబుద్ధి కాలేదు. రాశాను. ఆయన చెప్పినట్టే రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయని పాలసీ ఇచ్చారు. ఆ రోజు రాసిన ఆ రెండు ముక్కలే ఆరేళ్ల తర్వాత నన్ను కాపాడాయి.

2021 రథసప్తమికి అమ్మతో అరసవల్లి వెళ్లాను. క్యూలో ఎండలో మూడు గంటలు నిలబడ్డాం. మర్నాటికి రెండు బుగ్గలూ, మధ్యలో ముక్కు మీదా ఎర్రగా కందిపోయాయి. "ఏటే గుంటా, ఎండ దెబ్బేటి?" అని అమ్మ కొబ్బరినూనె రాసింది. వారమైనా తగ్గలేదు. తర్వాత నోట్లో పుళ్లు, దువ్వెనకి గుప్పెళ్లకొద్దీ జుట్టు. పొద్దున్నే చాక్‌పీసు పట్టుకోవడానికి వేళ్లు వంగేవి కావు. మే నెలకి కాళ్లు వాచాయి.

ఉద్దానం పిల్లకి కాళ్లు వాస్తే ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు. "నాన్నదే వచ్చింది" అని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. ఇక్కడ చూసిన డాక్టరు కూడా అదే అనుకున్నారు. విశాఖలో రుమటాలజిస్టు (కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు చూసే డాక్టరు) దగ్గరికి వెళ్లాకే అసలు సంగతి తెలిసింది. ఆమె మొదట అడిగింది మూత్రంలో నురగ వస్తోందా అని. వస్తోంది, సబ్బు నురగలా నిలబడిపోతోంది. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ అంతగా పోదట. నాకు విపరీతంగా పోతోంది. రక్తపరీక్షల్లో లూపస్‌ని పట్టిచ్చే ఏఎన్ఏ, యాంటీ డీఎస్ డీఎన్ఏ పాజిటివ్, రోగనిరోధక ప్రొటీన్లు సీ3, సీ4 బాగా తక్కువ. జులైలో కిడ్నీ బయాప్సీ చేశారు, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించారు. లూపస్ నెఫ్రైటిస్, అంటే లూపస్ కిడ్నీకి పాకింది. కిడ్నీ దెబ్బతిన్న తీరుని బట్టి ఇచ్చే ఆరు క్లాసుల్లో నాది క్లాస్ 4. మూడు రోజులు వరసగా స్టిరాయిడ్ ఎక్కించారు.

ఇక పాలసీ సంగతి. మన దేశంలో క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో చాలా జబ్బులకి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే నిర్వచనాలు పెట్టింది. కేన్సరు, గుండెపోటు, పక్షవాతం, డయాలసిస్ దాకా వచ్చిన కిడ్నీ ఫెయిల్యూర్, ఇలాంటివి. ఆ ఉమ్మడి జాబితాలో లూపస్ లేదు. కాబట్టి జాబితా చిన్నగా ఉన్న పాలసీ తీసుకుంటే లూపస్ ఎంత ముదిరినా, అది కిడ్నీని పూర్తిగా పాడుచేసి డయాలసిస్‌కో మార్పిడికో తీసుకెళితే తప్ప రూపాయి రాదు. నాది ముప్పైకి పైగా జబ్బులున్న పాలసీ, అందులో లూపస్ నెఫ్రైటిస్ విడిగా ఉంది. కొనేటప్పుడు నేనది చూసి కొనలేదు. ఆ పేరే అప్పటికి వినలేదు.

ఉన్నా, అక్కడ రాసిన మాటలు జాగ్రత్తగా చదవాలి. కిడ్నీకి పాకిన లూపస్సే లెక్కలోకి వస్తుంది. బయాప్సీలో క్లాస్ 3 నుంచి 6 మధ్య తేలాలి. రుమటాలజిస్టు ధ్రువీకరించాలి. క్లాస్ 1, 2 వాళ్లకి రాదు. కీళ్లు, చర్మం, రక్తం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, వీటితో మంచం పట్టినవాళ్లకీ రాదు. నా పక్క బెడ్డు అమ్మాయికి లూపస్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికొచ్చింది. నాకంటే ఆమే ఎక్కువ బాధపడింది. నా పాలసీయే ఆమెకున్నా పైసా వచ్చేది కాదు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. ఈ పాలసీలో నాకున్న అతిపెద్ద ఫిర్యాదు ఇదే.

ఇంకొకటి, జబ్బు తేలిన రోజు నుంచి 30 రోజులు బతికి ఉండాలి. ఈ గడువు పాలసీని బట్టి మారుతుంది, నాదాంట్లో 30. మా ఆయన గోడ మీద వెంకట్రామా కేలండర్లో రోజూ పెన్సిలుతో గీత పెట్టేవారు. మందుల గుర్తనుకున్నాను. ఎందుకో తెలిసిన రోజు ఇద్దరం మాట్లాడుకోలేకపోయాం.

సెప్టెంబరులో కాగితాలన్నీ పంపాం. ఆసుపత్రి బిల్లుల ఒరిజినల్స్ దీనికి అక్కర్లేదు. ఇది ఖర్చుకి ఇచ్చే డబ్బు కాదు, జబ్బు తేలినందుకు ఒకేసారి ఇచ్చే మొత్తం. బిల్లులు మా ఆయన ఆఫీసు మెడిక్లెయిమ్‌కి పెట్టుకున్నాం, అదీ వచ్చింది, ఇదీ అడిగాం. రెండూ అడగొచ్చు, తప్పు లేదు. చాలామంది ఇది తెలియక ఒకటి వదిలేస్తున్నారు.

డిసెంబరులో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. పాలసీకి ముందు నుంచే కీళ్ల నొప్పులున్నాయి, ఆ విషయం దాచారు అని.

ఎక్కడిదీ మాట అని కేస్ షీట్ కాపీ తెప్పించుకున్నాం. అడ్మిట్ అయిన రాత్రి డ్యూటీ డాక్టరు రాసిన పేజీలో ఒక లైను, "కీళ్ల నొప్పులు, 6 సం." అని. ఆ ఆరు అంకె పైన గీత వంపు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఆ రాత్రి నాకు జ్వరం. "నొప్పులు ఎప్పట్నుంచమ్మా?" అని అడిగితే "ఎప్పట్నుంచో ఉన్నాయండీ, స్కూల్లో ఆరేడేళ్లుగా నిలబడే పాఠం చెబుతున్నా కదా, కాళ్లు లాగుతాయి" అన్నాను. ఆయన నా మాటలోంచి అంకె ఒక్కటే తీసుకున్నారు. 2021 లోంచి ఆరు తీస్తే 2015. పాలసీ 2016.

అందుకే చెబుతున్నా, ఈ క్లెయిమ్‌లో మీ జబ్బు ఎంత పెద్దదన్న దానికంటే "ఎప్పట్నుంచి" అన్న ప్రశ్నకి కేస్ షీట్‌లో ఏం పడిందన్నదే ముందు చూస్తారు. లూపస్‌కి ఇది మరీ ప్రమాదం. గుండెపోటులా ఫలానా రోజు వచ్చిందని చెప్పే జబ్బు కాదిది. అలసట, నొప్పి, జుట్టు రాలడం, ఇవి ఎవరికి లేవు, ఎప్పుడు మొదలయ్యాయంటే ఏం చెబుతాం?

కంపెనీ దర్యాప్తు మనిషి మా పుట్టింటి ఊరు కూడా వెళ్లి వచ్చాడని తర్వాత తెలిసింది. ఊళ్లో కిడ్నీ జబ్బులున్నాయా అని అడిగాడట. కవిటిలో ఆ ప్రశ్నకి ఏ జవాబు వస్తుందో మీకు తెలుసు.

మేం చేసింది చెబుతాను. ముందు నా రుమటాలజిస్టు దగ్గర ఉత్తరం తీసుకున్నాం. లూపస్ లక్షణాలు 2021 ఫిబ్రవరి నుంచే అని, పాత కాళ్ల నొప్పులకీ ఈ జబ్బుకీ సంబంధం చూపే ఆధారం లేదని ఆమె వివరంగా రాశారు. శ్రీకాకుళంలో మొదట చూపించుకున్న డాక్టరు చీటీ జత చేశాం. 2017లో మా ఊళ్లో పెట్టిన కిడ్నీ పరీక్షల శిబిరంలో ఇచ్చిన అరచేతి సైజు చీటీని అమ్మ రేషన్ కార్డు కవర్లో దాచి ఉంచింది. పసుపు మరక అంటిన ఆ కాగితం మీద క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.8 అని ఉంది, అంటే నార్మల్. ఏడు రోడ్ల జంక్షన్లో దాన్ని జిరాక్స్ తీయిస్తుంటే షాపతను "ఇది కూడానా అమ్మా?" అన్నాడు. ఇది కూడా.

కంపెనీ ఫిర్యాదుల విభాగం మళ్లీ కాదంది. అప్పుడు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారికి రాశాం. ఆంధ్రప్రదేశ్ వాళ్లకి అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరిగా కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి, కంపెనీ నెల రోజులు జవాబివ్వకపోయినా వెళ్లొచ్చు. అప్పట్లో 30 లక్షల దాకా వినేవారు, ఇప్పుడు 50 లక్షలు. అంతకు ముందే కంపెనీ మీద ఫిర్యాదుని ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో పెట్టొచ్చు, 155255కి ఫోను చేసినా తీసుకుంటారు.

విచారణ వీడియోలో జరిగింది. స్టిరాయిడ్లతో నా ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది, కెమెరా పెట్టుకోవాలంటే ఏడుపొచ్చింది. అటువైపు అంబుడ్స్‌మన్ పెద్దాయన కంపెనీ వాళ్లని ఒకటే అడిగారు: "2016లో మీరే పరీక్షలు చేయించారు కదా, వాటిలో ఏముంది?" నార్మల్ అన్నారు. "పాలసీకి ముందు ఈమె ఈ జబ్బుకి ఎక్కడైనా వైద్యం చేయించుకున్నట్టు కాగితం ఉందా?" లేదన్నారు. ముందున్న జబ్బు అనాలంటే డాక్టరు నిర్ధారించి ఉండాలి, లేదా వైద్యం చెప్పి ఉండాలి. కాళ్లు లాగాయనుకుంటే సరిపోదు. తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. తీర్పు అందాక 30 రోజుల్లో కంపెనీ అమలు చెయ్యాలి, చేసింది.

డబ్బు ఏం చేసింది? తాకట్టులో ఉన్న నా గొలుసు, అమ్మ గాజులు ఇంటికొచ్చాయి. జీతం లేకుండా ఏడాది ఇంట్లో ఉండగలిగాను. లూపస్ మందులు మైకోఫెనోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకుండా వేసుకోగలిగాను. విశాఖ ప్రయాణాలకి ఇంకెవరినీ అడగలేదు. ఇప్పుడు మూత్రంలో ప్రొటీన్ పోవడం దాదాపు ఆగింది. అరసవల్లికి వెళ్తే తెల్లవారకముందే వెళ్లి, ఎండెక్కేలోపు ఇంటికి వచ్చేస్తాను.

కొనాలా అంటే, లూపస్ లేనివాళ్లు తప్పకుండా కొనండి, జాబితా పెద్దగా ఉన్నదే చూసి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, కొంత భారం తగ్గింది. కంపెనీ పాత విషయాలు తవ్వడానికి అప్పట్లో ఎనిమిదేళ్ల గడువుండేది, 2024లో ఐదేళ్లకి తగ్గించారు. ఆ తర్వాత మోసం నిరూపిస్తే తప్ప కాదనకూడదు. లూపస్ ఇప్పటికే తేలినవాళ్లకి క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ దొరకడం చాలా కష్టం. వాళ్లు ఆఫీసు గ్రూపు పాలసీ ఉంటే వదులుకోకండి. నాకూ పది లక్షలు ఇచ్చాక పాలసీ ముగిసిపోయింది, మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

మొన్న సోంపేట నుంచి ఒక తల్లి ఫోను చేసింది. కూతురికి పందొమ్మిదేళ్లు, బయాప్సీలో క్లాస్ 2, పాలసీ ఉంది. ఇప్పుడు రాదమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు, చెప్పాను. తర్వాత ఎప్పుడైనా ప్రొటీన్ పెరిగితే డాక్టరు మళ్లీ బయాప్సీ చేయిస్తారు, క్లాస్ మారుతూ ఉంటుంది, అందుకని ప్రీమియం ఆపొద్దని చెప్పాను. పాప మొదటిసారి డాక్టరుకి చూపించుకున్న చీటీ ఉందా అని అడిగాను. వెతుకుతానంది. గంట తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, మడతలు పడిన చీటీ, పైన తేదీ స్పష్టంగా కనిపిస్తోంది.