హైదరాబాద్ శివార్లలోని ఘట్‌కేసర్ కాలేజీలో సీటొచ్చింది: హాస్టలా, ఉప్పల్‌లో రూమా?

ఖర్చు: హాస్టల్ అయితే ఫీజులోనే భోజనం. రూమైతే అడ్వాన్స్, నెలనెలా అద్దె, కాలేజీ బస్సు ఫీజు అదనం.

శ్రమ: హాస్టల్ నుంచి క్లాసుకి నడకే. రూమ్ నుంచి రోజూ వరంగల్ హైవే ట్రాఫిక్. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి, ఆ దారిలో తిరిగినవాళ్లని అడగండి.

నగరం: ఇక్కడ రూమ్‌దే పైచేయి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట కోచింగ్, రాయదుర్గంలో ఇంటర్న్‌షిప్. చిన్న కాలేజీలకు పెద్ద కంపెనీలు రావడం తక్కువ, కాబట్టి మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. హాస్టల్‌లో సాయంత్రం గేటు వేస్తే ఇక అంతే.

రిస్కు: రూమ్‌లో ఉంటే హాజరు 75 శాతం కిందికి జారుతుంది. ఇది నిజమైన టెన్షన్.

మొదటి రెండేళ్లు, కొత్త ఊరు, చేతిలో డబ్బు తక్కువ: హాస్టల్. మూడో ఏడాది నుంచి, ఉద్యోగ వేట మొదలైతే: రూమ్.