చదరంగం పావుకు ఏది మేలు: ఏనుగు దంతమా, వాల్రస్ కోరా, దుప్పి కొమ్మా?

మధ్యయుగపు యూరప్ పావుల్ని ఆకారం చూసి కాదు, ముందు సరుకు చూసి బేరీజు వేయాలి. ఆకారం చాలావరకు దాన్నిబట్టే వచ్చింది.

నాణ్యంలో ఏనుగు దంతానికి పోటీ లేదు. అడ్డంగా కోస్తే అంతా ఒకటే నునుపు. లావు ఎక్కువ, కాబట్టి లోతుగా చెక్కవచ్చు. 11వ శతాబ్దం చివర్లో దక్షిణ ఇటలీలో, బహుశా సలెర్నోలో, చేసిన 'షార్లమేన్ పావులు' ఇందుకు సాక్ష్యం. (ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ 814లోనే పోయాడు, పేరు తర్వాత తగులుకుంది.) రాణి పావులో మండపం, తెర పక్కకు లాగే పరిచారికలు కూడా ఉన్నారు. మన శకటు స్థానంలో ఏనుగు నిలబడింది. ఇబ్బందల్లా ఉత్తర యూరప్‌కు ఈ దంతం అరుదుగా చేరేది.

అక్కడ వాల్రస్ (ఉత్తర ధ్రువ సముద్రాల్లో ఉండే పెద్ద జంతువు) కోరే దిక్కు. దీని నడుమ గరుకు గుజ్జు ఉంటుంది, చుట్టూ నున్నటి తెల్ల పొర, పైన పలుచని చెక్కు. మొహం, గడ్డం ఆ తెల్ల పొరలోనే ముగించాలి. ఉలి కాస్త లోతుకు పోతే గుజ్జు బయటపడుతుంది, అక్కడ సన్నని గీత నిలవదు. మొదలు దగ్గర కోర బోలు, కొన దగ్గర సన్నం. పెద్ద బొమ్మకు పనికొచ్చేది మధ్య ముక్కే. 1831లో స్కాట్లాండ్ లూయిస్ దీవిలో దొరికిన 78 పావుల్లో ఎక్కువ భాగం ఈ కోరవే. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో 1150–1200 మధ్య చేసి ఉంటారన్నది బలమైన అంచనా. చేతులు ఒంటికి అంటుకుని, గుర్రాలు పొట్టిగా ఉంటాయి. ఏదీ బయటికి పొడుచుకు రాదు. అది చేతకానితనం కాదు, కోర ఇచ్చిన కొలత. ఎత్తయిన రాజు కూడా సుమారు 10 సెంటీమీటర్లే.

దుప్పి కొమ్ము చవక, రాలినది ఏరుకోవచ్చు. కానీ గట్టి గోడ కొద్ది మిల్లీమీటర్లే, లోపలంతా స్పంజి. మొహం చెక్కబోతే రంధ్రాలు తేలతాయి. అందుకే దీనికి అరబ్బుల నుంచి వచ్చిన బొమ్మ లేని ఆకారాలే నప్పుతాయి: ఏనుగుకు రెండు బుడిపెలు, గుర్రానికి ఒకటి, రథానికి (ఇప్పుడు మనం ఏనుగు అనే పావు) నెత్తిన గాడి.

కాబట్టి మొహమున్న పావుకు ఏనుగు దంతం, అది దొరకనిచోట వాల్రస్, రోజువారీ ఆటకు కొమ్ము. ఇప్పుడు ఇండియాలో ఏనుగు దంతం, దుప్పి కొమ్ముల వ్యాపారం నిషిద్ధం. చేసి చూడాలనుకుంటే ఎద్దు కాలి ఎముక తీసుకోండి. డిటర్జెంటు నీళ్ళలో సన్నసెగ మీద కొవ్వు దించాలి. తెర్లనిస్తే ఎముక పెళుసవుతుంది, కొవ్వు మిగిలితే కొన్నాళ్ళకు పసుపు మచ్చలు తేలతాయి. గోడ పలుచన గనుక బుడిపెల పావులే ఎంచుకోండి. ఆకురాయి పట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి.