రోడ్డు కన్నా కిందికి పోయిన పాతిల్లు: జాకీలు పెట్టాలా, కూల్చాలా, నేల ఎత్తాలా?

ఒకప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నారు. ఇల్లేమీ కుంగలేదు. చెన్నై వెస్ట్ మాంబళంలో మా వీధికి తారు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దాని మీదే కొత్తది పరుస్తూ వచ్చారు, అంతే. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు హాల్లో అడుగున్నర నీళ్లు నిలిచాయి, ఆ గీత గోడ మీద ఇంకా ఉంది. 2021 నవంబరులో వట్టి వానకే చీలమండలు మునిగాయి.

ఇల్లు తాతయ్యది, 1940ల్లో కట్టించింది. నెల్లూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే పాతుకుపోయారు. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు మద్రాసు మనకు రాలేదు, తాతయ్యా మద్రాసు వదల్లేదు. ఒక గ్రౌండు స్థలం, అంటే 2,400 చదరపు అడుగులు, మన లెక్కలో ఐదున్నర సెంట్లు. పైన మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పాతకాలపు కప్పు. నాన్న పోయాక ఇల్లు అమ్మకీ బాబాయికీ ఉమ్మడిగా వచ్చింది. పదేళ్లుగా "వచ్చే ఎండాకాలం చూద్దాంలే" అంటూ నెట్టుకొచ్చాం. ఈ సంక్రాంతికి బాబాయి అందర్నీ కూర్చోబెట్టి, "వదినా, ఈసారి తేల్చకపోతే ఇల్లే మనల్ని తేల్చేస్తుంది" అన్నాడు. నీళ్ల మీద తేల్చడమేనని నవ్వుకున్నాం గానీ మాట నిజమే.

అందరూ ముందు చెప్పేది బిల్డర్ మాట. ఇక్కడ మామూలు ఇళ్లకు ఎఫ్ఎస్ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) 2, అంటే మా స్థలంలో 4,800 చదరపు అడుగుల దాకా కట్టొచ్చు. సగం బిల్డర్‌కి, సగం మనకి. మా సగంలో అమ్మకి 1,200, బాబాయికి 1,200. చేతి నుంచి పైసా తియ్యక్కర్లేదు, కింద పార్కింగు, నీళ్లొచ్చినా కార్లకే. కానీ ఇల్లుతో పాటు సగం నేల కూడా పోతుంది, ఆ సంగతి బిల్డర్ చివర్న మెల్లగా చెబుతాడు. ఇంకోటి, స్థలం 500 చదరపు మీటర్లు మించకపోతే రెరా (కొనేవాళ్లకి రక్షణగా బిల్డర్ల మీద పెట్టిన చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మాది 223. అంటే ఆలస్యమైతే మనకు దిక్కు ఆ అగ్రిమెంట్ కాగితమే. వారసులు నలుగురై, ఎవరూ ఆ ఇంట్లో ఉండబోకపోతే ఇదే మేలని నేనే చెబుతాను. మా ఇంట్లో డెబ్భై నాలుగేళ్ల అమ్మ ఉంది, ఉండబోయేదీ ఆవిడే.

మనమే కూల్చి కట్టుకుంటే నీళ్ల బాధ పూర్తిగా తీరుతుంది. పునాది రోడ్డుకి మూడడుగులు పైన వేసుకోవచ్చు. ఈ విషయంలో దీన్ని మించింది లేదు. కాకపోతే మేం అడిగినవాళ్లెవరూ చదరపు అడుగుకి 2,400 రూపాయల కన్నా తక్కువ చెప్పలేదు, అమ్మని ఏడాదికి పైగా అద్దింట్లో పెట్టాలి. డబ్బుండి, గోడలు పగుళ్లిచ్చిన ఇల్లయితే ఆలోచించనక్కర్లేదు. మావి పగుళ్లివ్వలేదు.

నన్ను బాగా ఊరించింది జాకీల పద్ధతి. చెన్నైలో ఇలా లేపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. గోడ వెంట గొయ్యి తవ్వి, పునాది దగ్గర గోడని కొంచెం కొంచెంగా కోస్తూ ఇనప చానెళ్లూ వాటి కింద జాకీలూ దూరుస్తారు. ఇల్లంతా జాకీల మీదికి వచ్చాక మేస్త్రీ లెక్క చెబుతుంటే అందరూ ఒకేసారి తిప్పుతారు. కొద్దికొద్దిగా లేపుతూ కింద ఇటుక కట్టుకుంటూ పోతారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ కాంక్రీటు స్లాబూ, గోడల్ని చుట్టి కట్టే కాంక్రీటు బెల్టూ ఉన్న ఇళ్లకి బాగా కుదురుతుంది. ఇల్లంతా ఒక పెట్టెలా కలిసి లేస్తుంది కాబట్టి. 1980ల తర్వాత కట్టిన ఇల్లయితే నా ఓటు దీనికే.

మా ఇల్లు చూడ్డానికొచ్చిన ఇంజనీరు జేబులోంచి స్కూటర్ తాళం తీసి ఇటుకల సందులో గీశాడు. సున్నం పిండిలా రాలింది. "ఇది సిమెంటు కాదండీ, సున్నం గోడ. పైన దూలాలు గోడ మీద ఊరికే కూర్చున్నాయి, కట్టేసి లేవు. ఒక మూల అర అంగుళం వెనకబడితే ఏ దూలం జారుతుందో చెప్పలేను" అన్నాడు. పని వదులుకుంటూ నిజం చెప్పే మనిషి దొరకడం అదృష్టమే. పైగా ఇల్లు లేస్తుంది గానీ పెరడు లేవదు. బావీ సంపూ కిందే ఉంటాయి.

ఇక మిగిలింది నేల ఎత్తుకోవడం. గోడలు, పైకప్పు ఎక్కడివక్కడే ఉంచి లోపల గ్రావెల్, ఇసుక నింపి పైన కొత్త నేల వేయడం. ఇప్పటి ఇళ్లలో ఇది కుదరదు, తల తగులుతుంది. తాతయ్య పుణ్యమా అని మా ఇంట్లో పైకప్పు పన్నెండున్నర అడుగుల ఎత్తున ఉంది. రెండున్నర అడుగులు నింపినా పది మిగులుతాయి. 2015 గీత అడుగున్నర దగ్గరుంది కదా, దానికన్నా అడుగు పైన ఉంటాం. ఈ లెక్క ఇంజనీరు కాదు, బాబాయి టేపు పట్టుకుని వేసింది. మా ఇంజనీరు తలూపాడు.

అయితే దీనికీ తిప్పలున్నాయి. తలుపులన్నీ ఫ్రేములతో సహా ఊడదీసి పైకి జరపాలి, పైన గోడ కొట్టి కొత్త లింటెల్ పెట్టాలి. మూడడుగుల ఎత్తులో ఉన్న కిటికీ అంచు అర అడుగుకి వస్తుంది. ఫ్యాన్ల పొడుగు రాడ్లు కోసుకోవాలి. స్విచ్ బోర్డులన్నీ పైకి మార్చాలి. గోడకీ నింపిన మట్టికీ మధ్య చెమ్మ ఎక్కకుండా పూత వేసి, కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు పరవాలి. అన్నిటికన్నా కష్టమైంది గచ్చు. ఎర్ర రంగు గచ్చు, ఎనభై ఏళ్ల పాదాలకు అద్దంలా నునుపెక్కింది. పూజగదిలో తాతమ్మ పోయించిన తెల్ల ముగ్గు దాన్లోనే ఉంది. అదంతా గ్రావెల్ కింద కప్పబడిపోతుంది. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కూలిస్తే ముక్కలయ్యేది కదా. కిందే ఉంటుందిలే" అంది. నాలుగు దారుల్లో మేం ఏది పట్టుకోవాలో నాకు అక్కడే తేలిపోయింది.

పైకప్పు సంగతి మాత్రం తేల్చాల్సి వచ్చింది. దాన్ని తీసేసి స్లాబు పోద్దామని బాబాయి, ఉంచుదామని నేను. మద్రాస్ టెర్రస్ అంటే తెలియనివాళ్లకి: అడుగున్నరకొకటి చొప్పున టేకు దూలాలు, వాటి మీద అరచేతిలో పట్టేంత సన్న ఇటుకలు నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చడం, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు రోజుల తరబడి కొయ్యలతో దిమ్మిస వేయడం, ఆ పైన పలకలు. ఎండాకాలం మధ్యాహ్నం కింద చల్లగా ఉంటుంది. స్లాబు కింద మా అత్తయ్య వాళ్లు రెండు గంటలకే ఏసీ పెట్టుకుంటారు.

వడ్రంగి నిచ్చెనేసుకుని ఒక్కో దూలాన్ని సుత్తితో తట్టాడు. నడుమ ఎక్కడ కొట్టినా గంటలా ఖణ్‌మంది. గోడలో దూరిన చివర స్క్రూడ్రైవర్ గుచ్చితే కొన్నిచోట్ల పిడిదాకా దిగింది. 23 దూలాల్లో అలాంటివి ఐదు. ఎందుకో పైకెక్కితే తెలిసింది. లీకవుతోందని ఎప్పుడో నాన్న టెర్రస్ మీద సిమెంటు పూత వేయించారు. పగులు సందున దిగిన నీరు పైకి ఆరిపోయే దారి లేక గోడల్లోకి, అక్కణ్ణుంచి దూలాల చివర్లకి చేరింది. హాల్లో గోడకి నడుమెత్తు దాకా వేయించిన సిమెంటు ప్లాస్టరు వెనకా అదే కథ, ఉప్పు తెల్లగా పొంగి రేకులుగా ఊడుతోంది. సున్నపు ఇంటికి సిమెంటు పూత అంటే చెమటోడే మనిషికి రెయిన్‌కోటు తొడిగినట్టే. ఆ ఐదు చివర్లూ కోసి ఇనప బ్రాకెట్లు బిగిస్తే చాలు, ఇరవై మూడింటి కోసం కప్పు తీసేయక్కర్లేదని తేలింది. బాబాయి స్లాబు మాట మళ్లీ ఎత్తలేదు.

సిమెంటు గీకేసి సున్నంతోనే చేయించాలి. కరక్కాయా బెల్లం నానేసిన నీళ్లు కలిపి చేసే మేస్త్రీలు చెట్టినాడు వైపు నుంచి వస్తారు, వాళ్ల రోజుకూలీ ఎక్కువే. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగులుతుంది. ఇక్కడి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జనవరిలో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా పైపని పూర్తి కావాలి.

ఏ దారి పట్టినా తప్పని పని ఇంకొకటుంది. 2021లో నీళ్లు గేటులోంచి వస్తాయని ఇసుక మూటలు పెట్టుకుని కూర్చున్నాం. అవి బాత్రూం జాలీలోంచి బుడగలు కక్కుతూ వచ్చాయి. వీధి మురుగు లైను నిండి వెనక్కి తన్నిందన్న మాట. బయట చాంబర్ దగ్గర వెనక్కి రాకుండా వాల్వు పెట్టించకపోతే ఇల్లు ఎంత లేపినా వాసన తప్పదు.

డబ్బు సగం సగం, గదులు ఎప్పట్లాగే. ఒక్క కిటికీల గొడవే తెగట్లేదు. అర అడుగుకి దిగిన అంచుల్ని ఇటుకతో పైదాకా మూసేద్దామని బాబాయి. "మూస్తే గాలి ఎటునుంచొస్తుంది? ఊచలుంచి అలాగే వదిలెయ్, కూర్చుని వీధి చూస్తా" అంటుంది అమ్మ.