బహిర్‌దార్‌లో రెండేళ్ళు: ఇంజెరా, షిరో, ఇంటావిడ పెట్టిన ముద్ద

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా వీధి పిల్లలెవరికైనా ఇథియోపియాలో లెక్చరర్ ఉద్యోగం వస్తే, వాళ్ళ అమ్మలు నన్నడిగేది ఒకటే: "అక్కడ శాకాహారం దొరుకుతుందా పిన్నీ?" మావారు ఇథియోపియాలోని బహిర్‌దార్ అనే ఊళ్ళో పాఠాలు చెప్పిన రెండేళ్ళూ నేను అక్కడే ఉన్నాను. దొరుకుతుంది. బుధ, శుక్రవారాల్లో అయితే వెతకనే అక్కర్లేదు.

ఆ రెండు రోజులూ అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం. మాంసం, పాలు, వెన్న, గుడ్డు ముట్టరు. ఈస్టర్ ముందు 55 రోజులూ అంతే. హోటల్లో "యెత్సోమ్ బెయైనెతు" అనండి. పళ్ళెం నిండా ఇంజెరా, అంటే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని పులియబెట్టి పోసే అట్టు, పరిచి, దానిమీద ఎర్రపప్పు, పసుపు వేసిన బఠాణీ పప్పు, ఆకుకూర, షిరో వడ్డిస్తారు. షిరో అంటే శనగపిండి కూర. మన పూరీల్లోకి చేసే బొంబాయి చట్నీకి బెర్బెరె కారం బాగా పట్టించినట్టుంటుంది. చేప ఉపవాసంలో తినొచ్చా లేదా అన్నది అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో మాట. అందుకని "ఆసా" (చేప) వద్దని ముందే చెప్పండి.

బస విషయానికొస్తే, అడిస్ అబాబాలో దిగిన గెస్ట్‌హౌస్ డబ్బు దండగ. వేడినీళ్ళన్నారు, మూడు రోజులూ రాలేదు. బహిర్‌దార్‌లో వంటిల్లున్న వాటా అద్దెకు తీసుకున్నాకే ప్రాణం కుదుటపడింది. ఊరు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఉత్త గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్ తీసుకెళ్ళండి. బస్సు "పదకొండింటికి" అంటే తెల్లవారుజామున అయిదింటికి. వాళ్ళ గడియారం మనకి ఆరు గంటల తేడా. ఇది తెలియక మేం ఒక బస్సు పోగొట్టుకున్నాం.

ఇంజెరా చేయడం ఇంటావిడ దగ్గరే చూశాను. టెఫ్ గింజ గసగసాలంత చిన్నది. ఆ పిండి కలిపి, పాత పిండిమీద తేరిన ఎర్షో అనే పులుపునీళ్ళు పోసి రెండు మూడు రోజులు పులియబెడతారు. మట్టిపెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టూ పోసి మూత పెడతారు. తిరగెయ్యరు. పైన చిల్లులు లేస్తాయి, వాటిని కళ్ళంటారు. కళ్ళు బాగా లేవకపోతే ఆవిడ ముఖం చిన్నబోయేది.

అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. ఎంగిలి పట్టింపుతో పెరిగినదాన్ని, మొదటిరోజు చెయ్యి ముందుకు రాలేదు. ఆవిడ ఇంజెరా తుంపి పప్పు చుట్టి నా నోట్లో పెట్టింది. దాన్ని గుర్షా అంటారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ పెట్టిన గోరుముద్దలు గుర్తొచ్చి కళ్ళు నిండాయి. తర్వాత పచ్చి కాఫీగింజలు మా ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు వాయిలు పోసింది. తొందరపడి ఒక్క కప్పుతో లేవకండి, వాళ్ళు బాధపడతారు.

మన చోళ్ళకి (రాగులకి) కూడా పుట్టిల్లు ఆ తూర్పు ఆఫ్రికా కొండలేనట. ఇక్కడ టెఫ్ దొరక్క చోళ్ళ పిండితోనే పోస్తున్నాను. మన ఉక్కకి ఒక్క రాత్రికే పులిసిపోతోంది. నిన్నటి అట్టుకి సగం దాకా కళ్ళు లేచాయి.